జింక కుర్చీ

వంటింట్లోంచి కుర్చీ పెరట్లోకి వచ్చిందంటే మార్లిస్ డెక్కర్ ఇంట్లో వేట కాలం మొదలైనట్టే. సెప్టెంబరు చివరి ఆదివారం, చర్చి నుంచి వచ్చి సూపు తాగాక, ఆమె అత్తగారు గెర్ట్ ఎవరి సాయమూ తీసుకోకుండా ఆ కుర్చీని గడ్డి మీదుగా ఈడ్చుకొచ్చి, మేపుల్ చెట్టుకు కాస్త దూరంలో, చెట్టు వైపు వీపు పెట్టి కూర్చుంది. ఒళ్ళో దుప్పటి పరుచుకుని, దాల్చినచెక్క పొడి అద్దిన డోనట్లు రెండు దాని మీద పెట్టుకుంది.

"జింక సిద్ధం," అంది.

ఈ ఆట వాళ్ళు ముగ్గురూ ఏళ్ళ తరబడి ఆడుతున్నదే. మార్లిస్, ఆమె స్నేహితురాలు రోండా, పక్క వీధి నోలన్ ఒకరి తర్వాత ఒకరు మేపుల్ చెట్టెక్కి, పైఅంతస్తు కిటికీ ఎత్తున కట్టిన ఎర్ర రిబ్బనును ముట్టుకోవాలి. కుర్చీలో కూర్చున్న మనిషి జింక. వెనక చప్పుడు వినబడినప్పుడల్లా జింక చెయ్యెత్తుతుంది. అందరికంటే తక్కువసార్లు చెయ్యెత్తించినవాళ్ళు గెలిచినట్టు. నచ్చకపోతే మళ్ళీ ఎక్కొచ్చు, బాగా ఎక్కిన సారే లెక్క. కానీ జింక కుర్చీలోంచి లేచిందంటే ఆట అయిపోయినట్టే. అడవిలో జింక ఎవరి కోసమూ ఆగదు కాబట్టి ఇక్కడా ఆగదు.

గెలిచినవాళ్ళకు నది అవతలి గట్టు మీదున్న తెల్ల ఓక్ చెట్టెక్కి మాటు వేసే అవకాశం దక్కుతుంది. బుధవారం తెల్లవారితే మిషిగన్‌లో విల్లు వేట మొదలు. మొదటి రోజు ఆ గట్టు మీదికి ఒక్కరే వెళ్ళాలి, ఇద్దరి అడుగులు పడితే జింకలు వారం దాకా అటు రావు. ఈ ఏడు ఆ ఓక్ కింద గింజలు రాలుతున్నాయి. వాటి కోసం ఎడమ కొమ్ము వంకర తిరిగిన పెద్ద మగజింక వస్తోంది. దాన్ని ఆగస్టులో దోమలు పీక్కుతింటుంటే పొదలో పడుకుని కనిపెట్టింది మార్లిసే.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. వసంతంలో ఆమె కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. భర్త డేల్ ఆమె చెట్టెక్కనక్కర్లేకుండా పొలం చివర నేల మీదే దాక్కుని వేటాడే గుడారం వేసి, లోపల మెత్తటి కుర్చీ, చిన్న హీటరూ పెట్టి ప్రేమగా చూపించాడు. ఆ కుర్చీని చూసి మార్లిస్‌కు పళ్ళ డాక్టరు గది గుర్తొచ్చింది. "ఆదివారం గెలిస్తే చెట్టెక్కుతాను. ఓడిపోతే నీ గుడారంలోనే కూర్చుంటాను, ఇంక మాట్లాడను," అని మొగుడికి మాటిచ్చింది. ఆ గుడారంలో ఒకసారి కూర్చుంటే మళ్ళీ చెట్టు మొహం చూడనని ఆమెకు తెలుసు.

నోలన్ తన సంచీ విప్పాడు. బడి బస్సు నడిపే మార్లిస్‌కు అతను ఒకప్పుడు రెండో సీటు పిల్లవాడు. ఇప్పుడు గడ్డం పెరిగి ఇద్దరు పిల్లల తండ్రయినా ఆమెను మిసెస్ డెక్కర్ అనే పిలుస్తాడు. సంచీలోంచి మూడు మెట్లకడ్డీలు తీశాడు. చెయ్యంత పొడవు, రెండు పక్కలా కాలు పెట్టుకునే మెట్లు, చెట్టుకు చుట్టి బిగించే తాడు. బూడిద రంగులో నిగనిగలాడుతున్నాయి.

"పట్టుకు చూడండి."

మార్లిస్ మూడింటినీ కలిపి ఒక్క చేత్తో ఎత్తింది. చెయ్యి దానంతటదే పైకి లేచిపోయింది. ఆమెవి ఉక్కువి, నాలుగు. పోయినేడు ఆ నాలుగూ వీపున వేసుకుని బురద దాటి గట్టుకు చేరేసరికి మోకాలు రొట్టెలా ఉబ్బింది.

"అబ్బ," అంది మెల్లగా.

"అదిగో, బుట్టలో పడిపోయింది," అంది రోండా. పట్టణంలో సోఫాలకు గుడ్డ కుట్టే దుకాణం ఆమెది. ఆమె కడ్డీలు ఎవరో పారేయబోతే తెచ్చుకున్నవి. వాటికి పాత సైకిల్ ట్యూబులు చుట్టి తాను తప్ప ఎవరూ మెచ్చుకోని రూపానికి తెచ్చింది. "ఏం నోలన్, జింక వచ్చి నీ కడ్డీ మీద ఏ కంపెనీ పేరుందో చదివి పడిపోతుందా?"

"ఒక్క మైలు మోసి మాట్లాడండి, రోండా."

"నేను మోస్తున్నది నువ్వు పుట్టకముందు నుంచి. వీటి ఖరీదుతో మా ఇంటి కప్పు వేయించుకోవచ్చు."

"కప్పు మీద కూర్చుని వేటాడతారా?"

"కింద జింక కనిపిస్తే వేటాడతాను."

నోలన్ కుర్చీ వైపు తిరిగాడు. "గెర్ట్, మీరే చెప్పండి. పోయినేడు మీకు ఎవరి చప్పుడూ వినబడలేదు. ముగ్గురికీ సున్నా చేతులు, చీటీలు వేసుకోవాల్సొచ్చింది. ఇప్పుడు మంచి చెవి మిషన్ పెట్టుకున్నారు. ఖరీదైనదానికీ చవకదానికీ తేడా లేదంటారా?"

"ఉంది," అంది గెర్ట్ వెనక్కి తిరక్కుండానే. "ఇప్పుడు నా కోడలు ఫ్రిజ్ దగ్గర నిలబడి గొణిగేవన్నీ వినబడుతున్నాయి. దానికి డబ్బులిచ్చి మరీ తెచ్చుకున్నాను."

మార్లిస్‌కు నవ్వొచ్చినా, గత వారం ఫ్రిజ్ దగ్గర ఏమేం గొణిగిందో ఒకసారి మనసులో తిరగేసుకుంది.

ముందు రోండా ఎక్కింది. చెట్టుకు వేలాడేందుకు నడుముకు కట్టుకునే పట్టీల జీను బిగించుకుని, చెట్టు చుట్టూ తాడు వేసి, ఒక్కొక్క కడ్డీ కట్టుకుంటూ పోయింది. సైకిల్ ట్యూబుల పుణ్యమా అని ఇనుము ఇనుముకు తగల్లేదు. సగం ఎత్తులో గెర్ట్ చెయ్యి లేచింది. పై కడ్డీ దగ్గర మళ్ళీ లేచింది.

"ఏం వినబడిందమ్మా?" అంది రోండా కిందికి దిగుతూ, ఒళ్ళు మండి.

"నువ్వే. 'పట్టుకో తల్లీ, పట్టుకో' అంటున్నావు. రెండోసారి ముడిని తిట్టావు."

"సామాను గెలిచింది, నోరు ఓడిపోయింది," అన్నాడు నోలన్.

తర్వాత అతను ఎక్కాడు. అతను ఎక్కుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంది. మూడే మూడు కడ్డీలు, బారెడేసి అడుగులు, చూస్తుండగానే రిబ్బను దగ్గరున్నాడు. మార్లిస్ ఊపిరి బిగబట్టింది. గెర్ట్ డోనట్ తింటోంది. నోలన్ పై తాడును జీనుకు తగిలించబోయాడు. కొక్కెం కడ్డీకి ఒక్కసారి టింగుమంది. పంచదార అంటిన వేళ్ళతో గెర్ట్ చెయ్యెత్తింది.

రోండా చప్పట్లు కొట్టింది. "అంత పోసి కొన్నావు, నా పాత ట్యూబు ముక్క ఒకటి చుట్టుకోలేకపోయావా?"

"ఒక్క చెయ్యే," అన్నాడు నోలన్, మొహం కాస్త ఎర్రబడినా. కిందికి దిగి తన కడ్డీలు మూడూ, కొక్కెమున్న పై తాడూ మార్లిస్ చేతిలో పెట్టాడు. "వీటితోనే ఎక్కండి, మిసెస్ డెక్కర్. ఓడిపోతే సామాను బాగోలేదని అనుకోకూడదు."

"గెలిస్తే?"

"గెలిస్తే మీరే కొనుక్కుంటారు. నేను చెప్పిందే నిజమవుతుంది."

ఎటు చూసినా తనదే పైచేయి అయ్యేలా మాట్లాడటం వీడికి రెండో సీటులోనే అబ్బింది అనుకుంది మార్లిస్. జీను బిగించింది. మొదటి కడ్డీ కట్టి పైకి లేచింది. గాలిలో నిలబడ్డట్టుంది. ఆరు నెలలుగా మెట్ల కటకటాలు పట్టుకుని, కుంటుతూ, బస్సు దిగేటప్పుడు పిల్లలు చూడకుండా పళ్ళు బిగబట్టిన ఒళ్ళు ఇదేనా అనిపించింది. రెండో కడ్డీ కట్టింది. కుడికాలు బాగా పైకెత్తి దాని మెట్టు మీద పెట్టి లేచింది.

టక్.

గెర్ట్ చెయ్యి లేచింది.

మార్లిస్ కడ్డీ వైపు చూసింది. తాడు వైపు చూసింది. ఏదీ కదల్లేదు. మూడో కడ్డీ. మళ్ళీ అంతే ఎత్తు, మళ్ళీ టక్. మళ్ళీ చెయ్యి. రిబ్బనును ముట్టుకుంది గానీ ముట్టుకున్న సంతోషం లేదు.

"కడ్డీది కాదు," అన్నాడు నోలన్ గబగబా. "నేను చూస్తూనే ఉన్నాను. కడ్డీ చప్పుడు కాదది."

"నా మోకాలు," అంది మార్లిస్ పైనుంచి.

 రోండా లాయరులా ముందుకొచ్చింది. "మోకాలు సామాను కాదు. లెక్కలోకి రాదు."

"మీ నోరు సామానా? దాన్ని లెక్కేశారుగా," అన్నాడు నోలన్.

"నా నోరు మూసుకోవచ్చు. దాని మోకాలు ఎలా మూస్తావు?"

"జింకను అడగండి," అంది మార్లిస్.

గెర్ట్ తొందరపడలేదు. వేళ్ళకు అంటిన పంచదార దుప్పటికి తుడుచుకుంది. "అది మోకాలని జింకకు ఏం తెలుసు? చప్పుడు చప్పుడే. రెండు చేతులు."

 మార్లిస్‌కు మెత్తటి కుర్చీ, చిన్న హీటరు కళ్ళ ముందు కనబడ్డాయి. మెల్లగా కిందికి దిగి కడ్డీలు ఒక్కొక్కటే విప్పుతోంది. పక్షపాతమన్నది లేని అత్తగారు దొరకడం అదృష్టమని ఊళ్ళో అందరూ అంటారు. వాళ్ళను పిలిచి ఈ కుర్చీ చూపించాలి.

"నాకొకటి అర్థం కాలేదు," అంది గెర్ట్, ఎదురుగా ఉన్న కంచెతో మాట్లాడుతున్నట్టు. "పొద్దున్నే నువ్వు మేడ మెట్లు దిగుతావు, ఎక్కుతావు, బట్టలబుట్ట మోస్తావు. నాకు మోకాలు చప్పుడు ఒక్కసారీ వినబడదు. నేలమాళిగ మెట్ల దగ్గరే టక్ అంటుంది."

మార్లిస్ చేతులు తాడు మీద ఆగిపోయాయి.

మేడ మెట్లు పొట్టివి. నేలమాళిగ మెట్లు నిటారుగా, ఒక్కొక్కటి మోకాలెత్తున ఉంటాయి.

ఆమె చెట్టు వైపు చూసింది. కడ్డీకీ కడ్డీకీ మధ్య నోలన్ వదిలే ఖాళీ అతని కాళ్ళ కొలత. తన పాత ఉక్కువి నాలుగు. ఇదే ఎత్తుకు నాలుగు కట్టుకుంటే అడుగులు దగ్గర పడేవి. పోయినేడు చెట్టెక్కినప్పుడు మోకాలు ఒక్కసారీ చప్పుడు చేయలేదు. అది ఉబ్బింది మోతలో, ఎక్కడంలో కాదు.

రోండాకు కూడా అదే తట్టినట్టుంది. "ఓహో. నోలన్, నీ సామాను తేలికేగానీ, అందులో సగం తేలిక ఒక కడ్డీ ఎగ్గొట్టడం వల్ల వచ్చిందన్నమాట."

"మూడు చాలు. నాకు చాలు."

"నీకు చాలు," అంది మార్లిస్. అప్పటికే ఆమె గరాజు వైపు నడుస్తోంది. నడక అనడం తప్పు, కుంటుతూ పరుగెత్తుతోంది. తన ఉక్కు కడ్డీ ఒకటి తెచ్చింది. "రోండా, ట్యూబు ముక్కలున్నాయా?"

రోండా కోటు జేబులోంచి తీసింది. ఆమె జేబులో ఎప్పుడూ ఉంటాయి. ఇద్దరూ గడ్డి మీద మోకరిల్లి, అంటే రోండా మోకరిల్లి, మార్లిస్ ఒంగి, ఉక్కు కడ్డీ అంచులకీ, నోలన్ కొక్కేనికీ రబ్బరు చుట్టారు. తన ఖరీదైన కొక్కేనికి సైకిల్ ట్యూబు చుడుతుంటే నోలన్ మొహం తిప్పుకున్నాడు గానీ అడ్డు చెప్పలేదు.

"సరే, తర్వాత నేను ఇంకోసారి ఎక్కుతాను," అన్నాడు. "అదే ట్యూబుతో. అప్పుడు నాకూ సున్నా."

"ముందు నన్నెక్కనీ."

ఉక్కుది అన్నిటికంటే కింద కట్టింది. బరువైనదాన్ని పైదాకా మోయనక్కర్లేదు. పొట్టి అడుగు. తర్వాత తేలికది ఒకటి, దగ్గరగా. కాలు పెట్టి లేచింది, మోకాలు ఊరుకుంది. ఇంకొకటి. అరచేతులకు చెమట పట్టింది. జీను తాడును పైకి జరిపి, కాలు మార్చింది. మోకాలు నొప్పి పెడుతోంది గానీ నోరెత్తడం లేదు. కింద రోండా రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. నోలన్ తనకు తెలియకుండానే మునివేళ్ళ మీద లేచాడు, అతనే ఎక్కుతున్నట్టు. చివరి కడ్డీ. పై తాడు చెట్టుకు చుట్టి, రబ్బరు చుట్టిన కొక్కెం జీనుకు తగిలించింది. ఏ చప్పుడూ లేదు. జీనులో వెనక్కి వాలింది. చెట్టు ఆమెను మోసింది.

ఎర్ర రిబ్బను బుగ్గకు తగులుతోంది. ఇళ్ళ కప్పుల మీదుగా నది వంపు, దాని అవతల గట్టు, గట్టు మీద ఓక్ చెట్ల తలలు కనిపిస్తున్నాయి. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే దానికి కూడా అత్తగారు చెయ్యెత్తుతుందేమోనని భయం వేసింది.

గెర్ట్ కదల్లేదు. కాసేపయ్యాక విసుగ్గా అంది, "ఏమే మార్లిస్, ఎక్కవేం? కూర్చుని కూర్చుని నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. భయమేస్తోందా?"

"అమ్మా," అంది మార్లిస్ పైనుంచి, "పైనే ఉన్నాను."

గెర్ట్ దిగ్గున లేచి వెనక్కి తిరిగింది. దుప్పటి జారి డోనట్ గడ్డిలో పడింది. మెడ వెనక్కి వంచి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కొమ్మల్లో జీనుకు వేలాడుతున్న కోడలిని చూసింది.

"ఎప్పుడెక్కావే?"

రోండా నోటి మీంచి చేతులు తీసింది. "జింక లేచింది," అంది, నోలన్ వైపు తిరిగి, ఒక్కొక్క మాటా ఆస్వాదిస్తూ.

"ఆగండి, నేను ఇంకోసారి..." నోలన్ కుర్చీ వైపు చూశాడు. ఖాళీ కుర్చీ. గెర్ట్ అప్పటికే చెట్టు మొదలు దగ్గరికి వెళ్ళి ఉక్కు కడ్డీని చేత్తో తట్టి చూస్తోంది. అతను తల అడ్డంగా ఊపాడు, నవ్వాడు. "చెవి మిషన్ కొన్నవాళ్ళకు చెప్పాలి, కాస్త చవకది కొనుంటే నా టింగు వినబడేది కాదని."

"కడ్డీలు అరువిస్తావా, కొనమంటావా?" అని పైనుంచి మార్లిస్ అడిగింది.

"బుధవారానికి మూడూ పట్టుకెళ్ళండి. నాలుగోది మీదే. కానీ నా కొక్కేనికి ఆ రబ్బరు..."

"అది ఉండనీ," అంది రోండా.

గెర్ట్ గడ్డిలో పడ్డ డోనట్ తీసి, ఊది, కుర్చీ వీపు పట్టుకుని వంటింటి వైపు ఈడ్చుకుంటూ బయల్దేరింది. మెట్ల దగ్గర ఆగి కేకేసింది.

"మార్లిస్, బుధవారం ఆ వంకర కొమ్ము జింక కాలేయం నాకు తెచ్చిపెట్టు, ఉల్లిపాయలు కోసి ఉంచుతాను. ఆ గుడారం సంగతి డేల్‌కు నేను చెప్తాలే, వాడి కుర్చీ మెత్తగా ఉంది, నాకు పనికొస్తుంది."

 మార్లిస్ గట్టు వైపే చూస్తోంది. ఈ మూడు రోజుల్లో గాలి ఎటు తిరుగుతుందో, ఆ ఓక్ చెట్టుకు ఉక్కు కడ్డీ ఏ పక్క కట్టాలో ఆలోచిస్తోంది. కిందికి దిగాలని ఆమెకు ఇంకా అనిపించడం లేదు.