నీళ్ల చెయ్యి, గొళ్లెం చెయ్యి

నేను ఒక రాగి రేకును. నన్ను సాగదీసిన ఫ్యాక్టరీలో తోటి రేకులు కొన్ని కరెంటు పనులకు వెళ్లాయి, కొన్ని తూటాలకు వెళ్లాయి. నేను బొమ్మలకు వచ్చాను. ఎంచుకున్నది నేను కాదు.

ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఒరీస్యా అనే చిత్రకారిణి నన్ను కొన్నది. నా మీద సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, గీతల్లో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తుంది. నా కుడివైపున్నది కాగితం మీద ఎడమవైపు పడుతుంది. అచ్చు వేసేవాళ్లకు ఇది అలవాటే. మిగతావాళ్లకు తట్టదు.

యుద్ధం వచ్చాక వాళ్ల అపార్ట్‌మెంట్ జనమంతా సెల్లార్‌లో తలదాచుకున్నారు. అక్కడ పెద్దదిక్కు ఓస్తప్, రిటైరైన ట్రామ్ డ్రైవరు. బాంబులు పడుతున్నా బయటికెళ్లి ముసలివాళ్లకు నీళ్లు మోసుకొచ్చేవాడు. ఒక సాయంత్రం పక్క వీధి నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చి తలుపు కొట్టారు. లోపల చోటు లేదని గొళ్లెం పెట్టింది కూడా అతనే. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ ఇద్దరూ మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

ఒరీస్యా నా మీద అతని చేతులు రెండూ గీసింది. ఒకటి నీళ్ల డబ్బా పట్టుకుంది, ఒకటి గొళ్లెం పెడుతోంది. ప్రదర్శనకు ముందు ఓస్తప్ వచ్చి అచ్చు చూశాడు.

"అన్నాళ్లు నీళ్లు మోశాను. నీకు ఆ గొళ్లెమే గుర్తుందా అమ్మాయ్?"

"రెండూ వేశాను కదా బాబాయ్."

"రెండూ ఉంటే జనం దేన్ని చూస్తారో తెలీదా? మా అమ్మాయి ఉల్యానా చూడ్డానికి వస్తోంది. చెరిపెయ్."

"నేను చెరపను. మీ చెయ్యి, మీ ఇష్టం." గీకే కత్తి అతనికే ఇచ్చి, టీ పెట్టడానికి వెళ్లింది.

కాగితం మీద గొళ్లెం కుడివైపు ఉంది. అతను నా కుడివైపే గీకాడు. సిరా లేని గీతలు అతని కళ్లకు ఆనలేదు. చెబుదామంటే నాకు నోరు లేదు.

మళ్లీ అచ్చు తీస్తే నీళ్ల డబ్బా లేదు. గొళ్లెం ఉంది.

"మళ్లీ గీస్తాను, ఒక్క రోజు పని," అంది ఒరీస్యా.

అతను గీకే కత్తి ఆమెకు తిరిగి ఇచ్చేశాడు. "వద్దు. ఆ తల్లీ కూతురూ చూసింది ఈ చేతినే."

ప్రదర్శనలో నన్ను అచ్చు పక్కనే తగిలించారు. బొమ్మ కింద ఎవరి పేరూ లేదు. ఉల్యానా మా ముందు ఆగింది.

"ఎవరి చెయ్యి నాన్నా ఇది?"

చుట్టూ జనం ఉన్నారు. ఓస్తప్ టోపీ తీశాడు.

"నాదే," అన్నాడు.