ఎలుగుబంటికిచ్చిన గొంతు

కథలు చెప్పడం నేర్పడానికి ప్లోవ్‌దివ్ నుంచి ఒకాయన వస్తున్నాడని గ్రంథాలయం తలుపుకు కాగితం అంటించిన రోజే స్తమెనకు అనుమానం పుట్టింది. కథ చెప్పడానికి పాఠమేమిటి, దానికి పట్నం మనిషేమిటి? ఈ కొండల్లో పొగాకు పాకల్లో కూర్చుని సూదికి ఆకులు గుచ్చిన ఆడవాళ్లలో కథ రానిదెవరు? చేతిలో ఆకు ఆడినంతసేపూ నోరూ ఆడేది. ఊరికే వచ్చి నేర్పిపోయేవాడు ఊరికే పోడని ఆమె గట్టి నమ్మకం. అయినా వెళ్లి పేరు రాయించుకుంది.

రాయించుకోక తప్పలేదు. ఆమె తల్లి త్రెందఫిలకు ఎనభై ఆరేళ్లు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. బుర్ర మాత్రం నిక్షేపంలా ఉంది. పాకలో అందరి నోళ్లూ మూయించిన కథ ఒకటి ఆవిడ దగ్గర ఉండేది. ఆ కథ విన్నవాళ్లలో సగం మంది మట్టిలో కలిశారు, మిగతా సగంలో చాలామంది పట్నాలకు పోయారు. జబ్బు చేయడానికి ముందే ఆవిడ దాన్ని కూతురికి ఇచ్చింది. ఇవ్వడమంటే పాకల్లో ఒక పద్ధతి ఉండేది. ఒకరి కథ మరొకరు చెప్పాలంటే అడిగి పుచ్చుకోవాలి. పుచ్చుకున్నాక ఇచ్చింది ఇచ్చినట్టే చెప్పాలి. మార్చే హక్కు ఇచ్చినవాళ్లదే.

స్తమెనకు కథ ఉంది గాని నోరు లేదు. ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుని ఉత్తరాలకు ముద్రలు కొట్టిన మనిషి, నలుగురి ముందు నిలబడితే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. అమ్మ పోయేలోగా ఒక్కసారి, ఊరందరి ముందు, అమ్మ వింటుండగా ఆ కథ తన నోటితో చెప్పాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

వచ్చినాయన పేరు ల్యూబెన్. నలభై ఏళ్లుంటాయి. నవ్వు ఎక్కువ. వచ్చీ రాగానే బల్ల మీద ఫోన్ పెట్టి, అందరి గొంతులూ అందులో పట్టుకుంటానన్నాడు, ఎవరి తప్పులు వాళ్లే వినడానికట. స్తమెన ఆ ఫోన్‌ను తేలును చూసినట్టు చూసింది. పై ఊళ్లో ఇలాగే కథలు పోగేసుకుపోయి తన పేరుతో పుస్తకం వేసుకున్నాడని జున్ను అమ్మే ఆవిడ అప్పటికే చెవిలో ఊదింది. నిజమో అబద్ధమో కనుక్కోవాలని స్తమెనకు తోచలేదు. అనుమానం రుజువు కోసం ఆగుతుందా?

పోనీ పాఠమైనా తిన్నగా సాగిందా అంటే, మొదటి రెండు శనివారాలూ చేతుల గొడవతోనే గడిచాయి. చేతులు ఖాళీగా వదిలి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ చెప్పమంటాడాయన. చేతిలో పని లేకుండా మాట్లాడేది కోపమొచ్చినప్పుడేనని ఆడవాళ్లు మొరాయించారు. చివరికి ఆయనే దిగొచ్చి చిక్కుడుకాయలు, అల్లిక సూదులు తెచ్చుకోనిచ్చాడు. అప్పుడు గాని గదిలో గొంతులు లేవలేదు. స్తమెన కూడా చిక్కుడుకాయలు ఒలుస్తూ ఒక చిన్న నక్క కథను తడబడకుండా చివరిదాకా చెప్పింది. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ దారి పొడుగునా తనలో తను నవ్వుకుంది. అమ్మ కథ కూడా వచ్చేస్తుందని మొదటిసారి ఆశ కలిగింది.

మూడో శనివారం ల్యూబెన్ చీటీలు తీయించాడు. ఇద్దరేసి జట్టు. చీటీ తీసిన మనిషి తన కథ జట్టుమనిషికి ఇవ్వాలి. అక్టోబరులో దిమితర్ పండుగ నాడు గ్రంథాలయం ముందు ఊరందరికీ ఆ మనిషే చెప్పాలి. సొంత కథైతే ఎక్కడ ఏడవాలో ముందే తెలిసిపోయి పాడుచేస్తారని, పరాయి కథైతే ఒళ్లు దగ్గర పెట్టుకుని చెబుతారని ఆయన వాదన.

స్తమెన చీటీలో వెలిక పేరు వచ్చింది.

రావడానికి ఇంకో పేరే దొరకలేదా? వెలిక రెండిళ్ల అవతలే ఉంటుంది. స్తమెన పోస్టాఫీసులో చేరిన ఏడు, ఊళ్లోకి కొత్త కోడలిగా వచ్చి పాకలో త్రెందఫిల పక్కన ఒక్క పంట కాలం ఆకులు గుచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ల పాటు అమ్మ నోట ఒకటే మాట, వెలిక చెయ్యి చెయ్యి కాదు మెరుపు అని. కన్నకూతురి చేతిని ఆవిడ ఒక్కనాడూ మెచ్చుకోలేదు. ఆ మంట స్తమెన కడుపులో ఇప్పటికీ ఆరలేదు. పైగా వెలికకు ఏ కథైనా ఇట్టే పట్టుబడుతుంది. అమ్మ కథ ఆ నోట పడిందంటే ఊళ్లో రేపటినుంచి అది వెలిక కథే, ఆ ఫోన్‌లో పడితే ఎల్లుండి ల్యూబెన్ కథ. అందుకని, ఆ ఒక్క పంట కాలంలో ఈ కథ వెలిక చెవిన పడి ఉండదని లెక్కేసుకుని, స్తమెన ఒక ఎత్తు వేసింది.

కథ ఇది. కరువు చలికాలంలో ఒక విధవరాలు పిల్లల కోసం ఎలుగుబంటికి తన గొంతు ఇచ్చి బస్తా పిండి తెచ్చుకుంటుంది. పిల్లలు బతుకుతారు. వసంతంలో ఇంకా కరగని మంచులో వాళ్లు దారి తప్పితే పిలవడానికి ఆమెకు గొంతు లేదు. రాగి కుండ మీద కర్రతో కొట్టి కొట్టి వాళ్లను ఇంటికి చేర్చుకుంటుంది. గొంతు మళ్లీ రాదు. ఆనాటి నుంచి ఆమె పిలవాల్సిన వాళ్లందర్నీ పిల్లలే పిలుస్తారు. అమ్మ కథ అక్కడితో ఆగుతుంది. స్తమెన వెలికకు ఇచ్చినప్పుడు రాగి కుండను తీసేసింది. ఎలుగుబంటి ఆ తల్లి ఏడుపు చూసి జాలిపడి గొంతు తిరిగిచ్చేస్తుందని చెప్పింది. పండుగ నాడు వెలిక ఆ దొంగ ముగింపు చెప్పి చప్పట్లు కొట్టించుకోగానే తాను లేచి అసలుది చెబుతుంది. కథ ఎవరిదో అమ్మ ముందే, ఊరి ముందే తేలిపోతుంది.

ముగింపు విన్నాక వెలిక చేతిలో అల్లిక ఆగింది. స్తమెన వైపు ఒక్క క్షణం చూసి, మళ్లీ అల్లసాగింది. కాజేయడానికి లెక్కలు వేసుకుంటోందని స్తమెన అనుకుంది.

చివరి శనివారం ల్యూబెన్ అందరి గొంతులనూ గ్రంథాలయం కంప్యూటర్‌లోకి ఎక్కించి, వాళ్ల కళ్లముందే ఫోన్‌లోంచి తీసేశాడు. ఎవరి కథలు వాళ్ల ఊళ్లోనే ఉండాలన్నాడు. స్తమెన ముఖం కొంచెం కందింది. కాని అనుమానం ఒక చోట ఖాళీ చేస్తే ఇంకోచోట కాపురం పెడుతుంది. ఆయన మీదున్నది కూడా తెచ్చి వెలిక మీదే పోసింది.

పండుగ ముందురోజు వెలిక గుమ్మడికాయ పెట్టి కాల్చిన బనిత్స రొట్టె పళ్లెంతో వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"వదినా, చివర్లో ఎలుగుబంటి గొంతు తిరిగిస్తుందని చెప్పమన్నావు. అలాగే చెప్పమంటావా? బాగా ఆలోచించుకున్నావా?"

ఎందుకడుగుతోందో స్తమెనకు అర్థం కాలేదు. అర్థం కానిదంతా ఆమె లెక్కలో కుట్రే.

"నేనిచ్చింది ఇచ్చినట్టు చెప్పు చాలు. సొంత తెలివి పెట్టకు."

వెలిక పళ్లెం అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది.

పండుగ రోజు ఎండ బాగా కాసింది. గొర్రెమాంసం పులుసు బాన దగ్గర జనం పళ్లేలతో నిలబడ్డారు. స్తమెన తల్లిని చక్రాల కుర్చీలో తెచ్చి ముందు వరుసలో పెట్టి, తాను పక్కన నిలబడింది. ముగింపు మాటలు లోపల పదిసార్లు చెప్పుకుంది. నాలుక తడిగానే ఉంది. ఈరోజు తప్పదు, ఈరోజు చెబుతాననుకుంది.

వెలిక చేతిలో అల్లికతో మొదలుపెట్టింది. ఏం చెప్పింది! కరువులో ఖాళీ డబ్బా అడుగు గీకే చప్పుడు కూడా వినిపించింది. పులుసు దగ్గర జనం పళ్లేలు దించి దగ్గరకు వచ్చారు. త్రెందఫిల తన కథ మొదటి మాటకే గుర్తుపట్టి కుర్చీలో నిటారుగా కూర్చుంది. పిల్లలు మంచులో తప్పిపోయారు. ఎలుగుబంటి వచ్చింది. తల్లి గొంతు తల్లికి ఇచ్చేసింది. ఆమె నోరు తెరిచి పిల్లల్ని పేరు పేరునా పిలిచింది.

అప్పుడు త్రెందఫిల కూడా నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, మెడ నరాలు ఉబ్బాయి. శబ్దమేమీ రాలేదు. ఆవిడ కళ్లు మాత్రం ఆ కథలో తల్లి కళ్లలా వెలుగుతున్నాయి.

ఉన్న భయమంతా వెలిక మీదే పెట్టి, ఆ మాటలు ఎవరి చెవిన పడతాయో స్తమెన అంతవరకూ ఆలోచించనేలేదు. అయినా కాళ్లు ముందే నిశ్చయించుకున్న పని చేశాయి.

"ఆగండి. అసలు కథ అలా అయిపోదు," అంటూ ముందుకు అడుగేసింది.

వెనక నుంచి ఎవరో ఏప్రన్ పట్టి లాగారు. అమ్మ ఎడమ చెయ్యి. ఏం కావాలో అడగడానికి స్తమెన వంగింది. త్రెందఫిల ఆ అరచేతిని కూతురి నోటి మీద పెట్టి గట్టిగా అదిమింది. తల అడ్డంగా కాదు, నిలువుగా ఒక్కసారి ఎగరేసింది. ఈ ఊళ్లో అది వద్దని చెప్పడం. తర్వాత చెయ్యి తీసి వెలిక వైపు చూపించి, గాలిలో గుండ్రంగా తిప్పింది. మళ్లీ, మొదటినుంచి.

వెలిక దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"అసలుది నాకు తెలుసు వదినా. ఆ ఏడు పాకలో పెద్దమ్మ నోటనే విన్నాను. నువ్వు మార్చిస్తే, పెద్దమ్మ కోసం మార్చావనుకున్నాను. మాట పోయినావిడకు మాట రాదని ఎలా చెబుతామని. అందుకే నిన్న అడిగాను."

స్తమెనకు తల కొట్టేసినట్టయింది. అవునని ఒక్క మాట అనేస్తే అంతా సర్దుకునేది.

"అమ్మ కోసం కాదు వెలికా. నీ కోసం మార్చాను. నువ్వు నా కథ ఎత్తుకుపోతావని."

వెలిక ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. చేతిలోని అల్లిక వైపు చూసుకుంది. కుర్చీలో ముసలావిడ చెయ్యి ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

"పెద్దమ్మ మళ్లీ అడుగుతోంది," అంది వెలిక. "కథ నీది. నువ్వివ్వకుండా చెప్పను. చెప్పనా?"

జనమంతా చూస్తున్నారు. స్తమెన తల్లి ముఖం వంక చూసింది. ఆ ముఖంలో తన కోసం వెతికింది. ఆవిడ వెలిక పెదవుల్నే చూస్తోంది.

"చెప్పు," అంది స్తమెన. "నేనిచ్చినట్టే చెప్పు."

అని వెనక వరుసలో ఖాళీగా ఉన్న బల్ల చూసుకుని, అందరితో పాటు వినడానికి కూర్చుంది.