గొంగడి కూర్చోని మన్ను

మందను ఏ చెలకలో ఆపాలన్నా గుర్వమ్మ అవ్వ ముందు గొంగడి పరిచేది. మంచి నేలయితే గొంగడి తీరుగా కూర్చునేది. చెడ్డ నేలయితే జానెడు పైకి లేచి నిలిచేది. అప్పుడు గొర్లను ఇంకో జాగాకు తోలేవాళ్లు. నందికొండ దిక్కు ఊళ్లలో దీన్నెవరూ వింతనుకోలేదు.

ఆ ఏడు సర్వే క్యాంపు వాళ్లు గుట్ట కింద బోరు దింపి, తీసిన మన్ను అక్కడే కుప్ప పోసి వదిలేశారు. పసుపు రంగు, వెన్నలాంటి మెత్తదనం. ఆడపిల్లలు పుట్టమన్ను తవ్వే పని తప్పిందని దానితోనే, బతుకమ్మకు ముందు చుట్టూ తిరిగి ఆడే మట్టి బొడ్డెమ్మను చేశారు. అవ్వ మనుమరాలు బీరమ్మ మన్ను పిసికిన చేత్తోనే పేలాలు తిని, వేళ్లు కూడా నాకేది.

బొడ్డెమ్మను బాయి నీళ్లలో కలిపి సాగనంపేనాటికి అవ్వ మందతో తిరిగి వచ్చి, మంచినీళ్ల బాయి ఒడ్డున గొంగడి పరిచి కూర్చుంది. బీరమ్మ వాళ్లు బొడ్డెమ్మను పీట మీద మోసుకుంటూ పాడుకుంటూ వస్తున్నారు. వాళ్లు దగ్గరైన కొద్దీ గొంగడి అవ్వతో సహా లేవసాగింది. అవ్వ కిందికి దూకింది.

“ఆగుర్రి! గా మన్ను ఏడిది?”

“బోరు కాడిది అవ్వా. జర జరుగు, పొద్దు గూకుతాంది.”

“గీ బాయిల వెయ్యద్దు బిడ్డా.”

“నీ గొంగడికి మా బొడ్డెమ్మంటే కుళ్లు!”

బీరమ్మ పీటను ముందుకు వంచింది. గొంగడి ఎగిరివెళ్లి బాయి నోటిని మూతలా కప్పింది. అందరూ కలిసి లాగినా కదలలేదు.

కబురందుకుని క్యాంపు నుంచి అమరేందర్ సారు మన్నును పరీక్షించే పెట్టె పట్టుకొచ్చాడు. బొడ్డెమ్మ దగ్గర పెడితే పెట్టె టకటకమని ఆగకుండా మోగింది.

“ఈ మన్నుల యురేనియం ఉన్నదమ్మా. కంటికి కనపడని కిరణాలొస్తయి. దుమ్మై ఊపిరిల పోయినా, చేతి నుంచి నోట్లకు పోయినా ఎముకల చేరి కూచుంటది. పెరిగే పిల్లలకు ఇంకా ముప్పు. రోగం ఎన్నో ఏండ్లకు గాని బయటపడదు. నీళ్లల్ల కలిస్తే ఊరంతా తాగుతది. మూసిపెట్టకపోవుడు మా తప్పే.”

“నీ పెట్టె మొత్తుకుంటది, నా గొంగడి లేస్తది. ఇద్దరిదీ ఒక్కటే మాట,” అంది అవ్వ.

బీరమ్మ ఏడుస్తూనే పీటను వెనక్కి తిప్పింది. బొడ్డెమ్మ దూరం కాగానే గొంగడి బాయి మీద పట్టు వదిలింది. బొడ్డెమ్మను, కుప్పనూ బోరు గుంతలోనే పూడ్పించి, పైన మంచి మన్ను, బండలు పరిపించాడు సారు.

ఇంటికొచ్చాక అవ్వ బీరమ్మను గొంగడి మీద కూర్చోబెట్టింది. అది పిల్లను ఎత్తుకుని జానెడు లేచింది. బీరమ్మ ఉయ్యాలనుకుని నవ్వింది. అవ్వ నవ్వలేదు. గోళ్లు కత్తిరించి, కుంకుడు రసంతో చేతులు రుద్ది కడిగింది. ఆనాటి నుంచి కడగని చేత్తో ముద్ద ముట్టనియ్యలేదు. రోజూ కూర్చోబెట్టి చూసేది. గొంగడి కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చింది.

జొన్న కోతల నాడు పొద్దున్నే గొంగడి మీద కూర్చున్న బీరమ్మ అరిచింది:

“అవ్వా, గొంగడి కింద నా కాళ్లకు నేల తగులుతాంది!”