పొగ లేని రోజు

ఎల్లాజీ కాలిపోతాడేమోనన్నదే సాయిదుర్గకు అన్నిటికన్నా పెద్ద భయం.

పెళ్లైన కొత్తలో అతను సముద్రం మీద వేటకెళ్లేవాడు. పడవ పాడయ్యాక ఆటోనగర్లో ఇనుము కరిగించే షెడ్డులో చేరాడు. అత్త సూర్యకాంతమ్మ ఒడ్డున నిలబడి తెరచాప కోసం చూసినట్టే, ఈమె అద్దెంటి డాబా ఎక్కి, చంటిదాన్ని చంకనేసుకుని షెడ్డు గొట్టం వంక చూస్తుంది. పొగ వస్తున్నంతసేపూ మొగుడు నడిసముద్రంలో ఉన్నట్టు. పొగ ఆగిందంటే పడవ ఒడ్డెక్కినట్టు.

ఈవేళ పొద్దున్న ఎల్లాజీ నవ్వాడు. "గొట్టాన్ని పెళ్లాడినావేటే? రేత్రే ఇనుము కరిగించే ఫర్నేసు ఆపీసినారు. ఇయ్యాల లోపలికి దిగి పాత ఇటికలు పీకాల. పొగుండదు, ఎండలో కూకోకు."

"ఒడ్డెక్కిన పడవకి తుపానేటి? ఎల్లిరా," అందామె, గుండె తేలికై.

మధ్యాహ్నం బట్టలారేయడానికి డాబా ఎక్కింది. ఇంటి యజమాని అచ్యుతరామయ్య గారు పోర్టులో పనిచేసి రిటైరై, కాలేజీ పిల్లలకు పాత చరిత్రా తర్కమూ అక్కడి రేకుల కిందే చెబుతారు. ఎనిమిదితో బడి మానేసిన సాయిదుర్గ బట్టలు పిండుతూ వినేది. అందరికీ ఆయన మేస్టారే.

"వేంగి చాళుక్యుల నాటి మాట. బౌద్ధుడూ, తర్కం చెప్పే నైయాయికుడూ వాదానికి దిగితే, ఓడినవాడు గెలిచినవాడికి శిష్యుడైపోవాలి. ఒక్క తప్పు హేతువుతో బతుకే మారిపోయేది. కొండ మీద పొగ ఉంది. కాబట్టి?"

"నిప్పుందండీ," అన్నాడు రోహిత్. "పొగ లేకపోతే నిప్పు లేనట్టు."

"ఓడావు! పద, బౌద్ధుడికి శిష్యుడివై గుండు చేయించుకో."

పిల్లలు గొల్లుమన్నారు.

"ఎర్రగా కాల్చిన ఇనపగుండుకి పొగేదిరా? పొగ లేదని పట్టుకుంటావా?"

సాయిదుర్గ చేతిలో తడిచీర అలాగే ఉండిపోయింది.

"మేస్టారూ... కాలిన ఇటికలు నల్లబడిపోతేనో? సల్లారినట్టేనా?"

"రంగు చూసి చల్లారిందనుకోవడమూ ఆ తప్పేనమ్మా. ఏం, ఎందుకడిగావు?"

ఆమె గొట్టం వైపు చూసింది. ఆకాశం కడిగినట్టుంది. ఒక కాకి వచ్చి గొట్టం అంచున వాలబోయి, కాళ్లు ఆనీ ఆనకముందే ఎగిరిపోయింది. పొద్దున్నా అలాగే ఎగిరింది. అప్పుడు అది చూసి సాయిదుర్గ నవ్వుకుంది.

ఎల్లాజీకి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

"నానే సెప్పినాను మేస్టారూ, ఎల్లిరా అని," అంటూ చంటిదాన్ని ఆయన ఒళ్లో పెట్టి మెట్లు దిగిపోయింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఆమె నడిచి ఆ గేటు చేరడానికి ఇంకా అరగంట పడుతుంది. మీరెవరైనా ఆటోనగర్ దగ్గర్లో ఉంటే, పొగ లేని ఆ గొట్టం కిందికి ఒక్కసారి వెళ్లండి. ఎల్లాజీ పైకొచ్చాడో లేదో చూడండి.