ఇత్తడి అంచు

కేరళలోని ఒల్లూరులో పటాలకు చట్రం కట్టించాలంటే పొరింజు దగ్గరికే రావాలి. పనస చెక్కను అద్దంలా చిత్రిక పట్టి, వెనకవైపు సన్నని గాడి తీసి, అందులో కరెంటు తీగ దాచి, యేసు తిరుహృదయం పటం అడుగున ఎర్ర బల్బు అమర్చడంలో అతనికి సాటి లేరని అందరూ అనేవారు. అందరికంటే ఎక్కువగా అతనే అనేవాడు. ఆ బల్బు రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉండాలి. ఆరిందంటే ఆ ఇంట్లో ఆడవాళ్ల గుండెల్లో రాయి పడేది.

ఆ రోజు మధ్యాహ్నం చాక్కుణ్ణి అనే అతని భార్య మర్గలీత, పటం తీసుకెళ్లడానికని వచ్చి, చట్రాన్ని అటూ ఇటూ తిప్పి పెదవి విరిచింది.

"ఇదేంటి పొరింజు చేట్టా, ఇలా వెలవెలబోతోంది? మా తోడికోడలి ఇంట్లో పటానికి చుట్టూ ఇత్తడి అంచు ఉంది. ఆదివారం ఆశీర్వదించడానికి ఫాదరుగారు వస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ముందే చెప్పాలి కదమ్మా. వెనక కాగితం కూడా అంటించేశాను."

"విప్పకుండా కొట్టలేవా? పెద్ద పనివాడివని పేరేగానీ!"

పొరింజుకు పౌరుషం పొడుచుకొచ్చింది. చిన్న మేకులు అయిపోయాయి. కాస్త పొడుగువి ఉంటే వాటితోనే అంచు బిగించేశాడు. ప్లగ్గు పెట్టి చూపించాడు. బల్బు ఎర్రగా వెలిగింది. అంచు పొడవునా వేలితో రాసి, నునుపు చూసుకుని మురిసిపోయాడు కూడా. మర్గలీత పటం తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

సాయంత్రం పొరింజు ఇంట్లో అందరూ కాళ్లూ చేతులూ కడుక్కుని ప్రార్థనకు మోకరించారు. ప్రార్థన చివర పటాన్ని ముట్టుకుని ముద్దు పెట్టుకోవడం అక్కడ ప్రతి ఇంట్లో ఉన్నదే. పొరింజు భార్య ఏల్య తడి చెయ్యి చాచి తమ ఇంటి పటాన్ని తాకింది. ఆ తడి చేతిని చూడగానే పొరింజుకు మధ్యాహ్నం మర్గలీత పటానికి కొట్టిన మేకులు గుర్తొచ్చాయి.

పొడుగు మేకు. దాని మొన గాడిదాకా దిగి ఉంటే? తీగను చీల్చుకుని పోయి ఉంటే? బల్బు వెలగడానికి అదేమీ అడ్డు కాదు. కానీ అంచు మొత్తం కరెంటు పాకుతుంది. మధ్యాహ్నం తనకు తెలియలేదంటే, కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి, కింద పొడి రంపప్పొట్టు ఉంది. చాక్కుణ్ణి ఇంట్లో ఉండేది సిమెంటు నేల, ఇప్పుడే కడుక్కున్న కాళ్లు. పైగా అందరికంటే చిన్నవాళ్లను ఎత్తుకుని ముందు వాళ్లచేత ముద్దు పెట్టించడం వాడుక. ఆ ఇంట్లో నాలుగేళ్ల జెస్సి ఉంది.

"ప్రార్థన మధ్యలో ఎక్కడికి?" అని ఏల్య అరుస్తూనే ఉంది. పొరింజు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు తీశాడు.

దారి పొడవునా ఇళ్లలోంచి ప్రార్థనలు వినిపిస్తున్నాయి. కొన్ని ఇళ్లలో అప్పుడే ముగింపు పాట అందుకున్నారు. దేవుడా, కరెంటు పోనివ్వు అని మొక్కుకున్నాడు. అడగని రోజుల్లో గంటలకు గంటలు పోయే కరెంటు ఆ రోజు ఒక్కసారి కూడా మినుకుమనలేదు. ఆ పిల్ల చెయ్యి ఎంత ఉంటుందో కళ్లముందు కనబడుతూ ఉంటే, అడుగులు ఎంత వేగంగా వేసినా దారి తరగడం లేదనిపించింది.

అతను గడప దాటేసరికి చాక్కుణ్ణి తన కూతుర్ని పటం ఎత్తుకు ఎత్తి పట్టుకున్నాడు. పిల్ల ముందుకు వంగుతోంది.

"ముట్టుకోవద్దు!"

ఆ కేకకు జెస్సి బెదిరి తండ్రి మెడ కరుచుకుంది.

"ఏంట్రా ఆ అరుపు? కల్లు దుకాణం నుంచి నేరుగా ఇటే వచ్చావా?" అన్నాడు చాక్కుణ్ణి.

"మేకు... తీగకు తగిలిందేమో. అంచుకు కరెంటు ఉంటుంది. ముందు స్విచ్చు ఆపు!"

"తగిలిందేమోనా? ఏమో అంటే వెలిగించిన దీపం ఆర్పమంటావా, ఇంకా ఆశీర్వాదం కూడా కాకుండా? ఇంటికి అరిష్టం. నువ్వే కదా, నా చేతిలో తప్పు జరగదని బజారంతా చాటేవాడివి? ఏదీ, నువ్వే ముట్టుకుని చూపించు."

చాక్కుణ్ణి స్విచ్చుకు అడ్డంగా నిలబడ్డాడు. పొరింజు రెండడుగులు వేసి చెయ్యి ఎత్తాడు. కాళ్ల కింద నేల చల్లగా, తడిగా తగిలింది. చెయ్యి సగం దాకా వెళ్లి ఆగిపోయింది. పిల్లను కాపాడాలని పరిగెత్తుకొచ్చిన మనిషి, ఆ జానెడు దూరం చెయ్యి జరపలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా చెయ్యి కదల్లేదు.

ఆ చేతినే చూస్తోంది చాక్కుణ్ణి తల్లి కొచ్చుత్రేస్య.

"పిల్లను దింపరా. మర్గలీతా, ప్లగ్గు పీకెయ్."

"అమ్మా, దీపం..."

"ఆరితే ఆరనీ. పిల్ల ఉంటే మళ్లీ వెలిగించుకుంటాం. తను చేసిన వస్తువును తనే ముట్టుకోలేకపోతున్నాడు, నీకు కళ్లు లేవా?"

ఎర్ర వెలుగు ఆరిపోయింది. చాక్కుణ్ణి పటం దించి, గొణుక్కుంటూ వెనక కాగితం చింపాడు. గొణుగుడు అక్కడే ఆగిపోయింది. గాడిలో తీగ తొడుగు చీలి, దానిలోంచి మేకు మొన తళతళలాడుతోంది. మర్గలీత జెస్సిని ఒళ్లోకి లాక్కుని నేలమీద కూలబడింది. "నేనే కదా అంచు కావాలన్నాను, నేనే కదా," అని అదే మాట అంటూ పిల్ల అరచేతులు తడిమి తడిమి చూసుకుంది.

తిట్లకు, దెబ్బలకు సిద్ధపడి పొరింజు గోడకు చేరగిలబడ్డాడు.

"ప్రార్థన సగంలో ఆపకూడదు," అంది ముసలామె. కొడుకు చేతిలోంచి పటాన్ని తీసుకుని, ఒళ్లో పెట్టుకుని ముందు తను ముద్దు పెట్టుకుంది. జెస్సిచేత పెట్టించింది. కొడుకూ కోడలూ అయ్యాక తల ఎత్తింది.

"నువ్వు రా."

"నా వల్ల కాదు అమ్మచ్చీ."

"ప్లగ్గు నేలమీద పడుంది, చూడు."

చూశాడు. కనబడుతూనే ఉంది. అయినా చెయ్యి లేవలేదు. ముసలామె అతని మణికట్టు పట్టుకుని, పలకమీద అక్షరం దిద్దించినట్టు, వేళ్లను ఇత్తడి అంచుకు ఆనించింది. అంచు చల్లగా ఉంది. పొరింజు బావురుమన్నాడు.