మంచి సాంబ్రాణి

వడ్డేపల్లిలోని మా పుట్టింట్లో అందరూ వైద్యులే. నా కొడుకుకు ఇంకా బొడ్డు కూడా ఊడలేదు, వాడి ఊపిరి మీద తలా ఒక తీర్పు చెప్పేశారు. వాడు పక్కలు ఎగరేస్తున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలో గుంట పడుతోంది. దిష్టి అన్నారొకరు, పాలు పడలేదన్నారింకొకరు. మా అమ్మ జములమ్మ మాత్రం చలి అని తేల్చేసింది. ఎండకు ఇంటి రేకులు కాలిపోతుంటే చలి ఎక్కడిదో ఆ మహాతల్లికే తెలియాలి.

చలికి మందు పొగ. పొద్దునా సాయంత్రం వాడికి నీళ్లు పోయగానే అమ్మ మూకుట్లో నిప్పులు తెచ్చి, వాము, వెల్లుల్లి పొట్టు, సాంబ్రాణి చల్లి, వాణ్ణి ఆ పొగ మీద అటూ ఇటూ తిప్పుతుంది. తర్వాత ఆ మూకుణ్ణి నా మంచం కిందికి తోస్తుంది. బాలింతకు గాలి సోకకూడదని కిటికీలో పాత చీర కుక్కింది, నా చెవుల్లో దూది కుక్కింది. పొగ వేసిన కాసేపటికి వాడి ఆయాసం పెరుగుతుంది. ఆయాసం పెరిగిందని ఆమె ఇంకో పిడికెడు సాంబ్రాణి చల్లుతుంది. వద్దే అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నిన్ను గిట్లనే సాకిన, బతకలేదా అంటుంది. పుణెలో సెంట్రింగ్ పనికి పోయిన నా మొగుడు ఫోన్ చేసి, అత్తమ్మ చెప్పినట్టు వినమంటాడు. ఆయనకేం, అక్కడ పొగ లేదు.

ఆ రోజు పొద్దున వాడు పాలు పట్టుకోలేదు. ముక్కుపుటాలు ఎగరేస్తూ మూలిగాడు. అమ్మ మళ్లీ మూకుడుతో గుమ్మంలోకి వచ్చింది. ఒళ్లు మండి, చెంబెడు నీళ్లు ఆ నిప్పుల మీద కుమ్మరించాను. చెవుల్లో దూది పీకేసి, బిడ్డను కొంగులో చుట్టుకుని వాకిట్లోకి వచ్చేశాను. పురిటి స్నానం కాకముందే గడప దాటిందని పక్కింటి తిరుపతమ్మ బుగ్గలు నొక్కుకుంది. నొక్కుకోనీ.

"నీ సాంబ్రాణి తోటి నువ్వే ఉండు. నా పోరన్ని నేను దవాఖానకు తీస్కపోత" అన్నాను.

తమ్ముడు మద్దిలేటి మారుమాట లేకుండా ఆటో తీశాడు. అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా ఎక్కి కూర్చుంది. గద్వాల దాకా ఆమె ముఖం చూడలేదు.

దవాఖానలో బిడ్డకు ఆక్సిజన్ పెట్టారు. మా బట్టల వాసన తగిలి, ఇంట్లో ఏం కాలుస్తున్నారని డాక్టరమ్మ అడిగింది. అమ్మ ముందుకొచ్చి, కొంచెం గర్వంగానే చెప్పింది.

"మంచి సాంబ్రాణే మేడం. కల్తీది గాదు. నేనే ఏరి తెచ్చిన."

డాక్టరమ్మ అరవలేదు. నెమ్ము చేరిందనీ, పసిగుడ్డుకు ఏ పొగైనా విషమేననీ, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదనీ మెల్లగా చెప్పింది.

కొన్నాళ్లకు ఊపిరి కుదుటపడింది. గొట్టం తీసేసి, దవాఖాన పచ్చగుడ్డలో చుట్టి వాణ్ణి నా ఒళ్లో పెట్టారు. అమ్మకు పెట్టాల్సిన చీవాట్లన్నీ నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. ఆమె తడి జుట్టుతో, తడి చీరతో వచ్చింది. బయట నల్లా కింద కట్టుబట్టతోనే తలంటుకుందట. కొంగు ఒక్కటే చాపి నా ముక్కు దగ్గర పెట్టి, వాసన పోయిందా అని అడిగింది. పోలేదు. నా చీరైనా ఇద్దామని, తమ్ముడు ఇంటి నుంచి తెచ్చిన సంచి విప్పాను. నా చీరలూ, బిడ్డ గుడ్డలూ, అన్నీ అదే కంపు. ఏం చేయాలో తోచక ఆ సంచిని మంచం కిందికి తన్నాను.

అమ్మ వెనక్కి నడిచి తలుపు దగ్గర నిలబడింది.

"నేను ఎత్తుకోను బిడ్డా. జర ఆ గుడ్డ తియ్యి, పక్కలు సూస్త."

తీశాను. వాడి పొట్ట నెమ్మదిగా లేచి పడుతుంటే రెప్ప వేయకుండా చూసింది.

"ఎగరేస్తలేడు" అంది, అక్కడి నుంచే.