చంద్రమ్మ వాటా

దబీర్‌పురా స్టేషన్ వెనక కాంపౌండులో కొత్త బోరు వేశారు. నీళ్లు పడ్డాయో లేదో, లొల్లి మొదలైంది. లొల్లి ఆపడానికి ఇళ్ల యజమానులు కమిటీ వేసుకున్నారు. హిందువుల నుంచి ప్రెసిడెంటు, నూనె వ్యాపారి ప్రహ్లాద్. షియాల నుంచి సెక్రటరీ రజా సాబ్. సున్నీల నుంచి క్యాషియరు గౌస్ భాయ్. ఎవరి నీళ్లు వాళ్ల పెద్దమనిషి పంచాలి. క్రైస్తవులకే మనిషి లేడు. వెతగ్గా వెతగ్గా వెనక రేకుల గదిలో అద్దెకుండే చంద్రమ్మ దొరికింది.

ప్రహ్లాద్ స్వయంగా వచ్చి వాల్వు చావి చేతిలో పెట్టాడు.

"మీవోళ్ల తరఫున నువ్వు మెంబర్‌వి చంద్రమ్మా. పొద్దుగాల అర్ధగంట నీళ్లు మీవి. ఇగ ఎవ్వరికీ అన్యాయం గాదు."

చంద్రమ్మకు నవ్వొచ్చింది. లెబనాన్‌లో, బేరూత్‌లోని ఒక పెద్దింట్లో ఆమె ఏళ్ల తరబడి వంట చేసింది. ఆ ఇంటి యజమాని ఈ మాటే కాఫీ తాగుతూ చెప్పేవాడు. ఫ్రెంచివాళ్లు పోయేటప్పుడు పెద్దలు కూర్చుని దేశాన్ని పంచుకున్నారట. అధ్యక్షుడు క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకరు షియా. కొట్లాటలు రాకూడదని. తర్వాత పదిహేనేళ్లు ఒకరినొకరు కాల్చుకున్నారు, అది వేరే సంగతి. హాల్లో కాఫీ తాగేవాళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉండేవారు. మెట్ల కింద కాచుకున్న డ్రైవర్లలోనూ ఉండేవారు. డ్రైవర్లకు ఆశంతా హాల్లో ఉన్న తమవాడి మీద, అనుమానమంతా పక్కన కూర్చున్నవాడి మీద.

నవ్వినా, చావి తీసుకుంది. అర్ధగంట నీళ్లంటే మాటలా?

పక్క గదుల్లో పూలమ్మే ఎల్లమ్మ, జరీ పని చేసే జెహ్రా ఉంటారు. నీళ్లు కావాలంటే ఎల్లమ్మను ప్రహ్లాద్‌ని అడగమన్నారు కమిటీవాళ్లు, జెహ్రాను రజా సాబ్‌ని. ఆ పెద్దమనుషుల సంపులు నిండేదెప్పుడు, వీళ్లకు వదిలేదెప్పుడు?

మూడో రోజు జెహ్రా బిందెతో వచ్చింది. చంటిపిల్లకు వాంతులు, గుడ్డలు ఉతకడానికి కూడా నీళ్లు లేవు.

"ఒక్క బిందె ఇయ్యి అక్కా."

మీ రజా సాబ్‌ని అడుగు, అన్న మాట చంద్రమ్మ నోటిదాకా వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది. గబగబా పైపు తీసుకెళ్లి జెహ్రా డ్రమ్ములో పెట్టింది, ఆ తర్వాత ఎల్లమ్మ డ్రమ్ములో.

బాల్కనీ నుంచి ప్రహ్లాద్ చూశాడు. "అవి మీవోళ్ల నీళ్లు చంద్రమ్మా. వాళ్లకు వాళ్లవోళ్లు ఉన్నరు గదా."

"వీళ్లే మావోళ్లు సేఠ్."

వారం తిరగకుండా, పై అంతస్తులో కొత్తగా దిగిన క్లర్కు ప్రకాశాన్ని క్రైస్తవుల మెంబరుగా వేసుకున్నారు. అతను వచ్చి చావి అడిగి తీసుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు. మనోళ్ల తరఫున నేనున్న గదా. రోజూ నీ బిందె నువ్వు నింపుకో."

చంద్రమ్మ తన బిందె నింపుకుని వచ్చి గది ముందు దించింది. ఎల్లమ్మనూ జెహ్రానూ గిన్నెలు తెమ్మంది. ఒక్క బిందె ముగ్గురికి ఏ మూలకొస్తుంది? అయినా పంచింది.